పదకొండు నిమిషాల నీళ్లు

ఓదేలు దాన్ని ఇత్తడి లెక్కల తూకమేసిండు.
తొమ్మిది వందల గ్రాములు.
పగిలిన బిందె, రెండు పాత నల్లాలు,
నాలుక లేని గంట, వాటి నడుమల నుంచి
వేలెడంత పొగగొట్టం మెడ సాపి చూస్తున్నది.

కాజీపేటల ఇంజనంటే ఎవరికి కొత్త?
కానీ ఇది నా రెండు అరచేతులల్ల పట్టింది.

నాది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం,
దర్గాకు పోయే తోవల.
షటిల్ దారాన్ని ఎందుకు తెంపుతదో తెలుసు.
ఆవిరి సంగతి తెలవదు.
ఏ దేశంల చేసిండ్రో,
ఏ పిల్లగాడు ఆడి ఆడి ఇసిరేసిండో,
పేరున్న రేకు ఊడిపోయి
రెండు మొలల బొక్కలే మిగిలినయ్.

చింతపండు నానబెట్టి బాయిలర్‌ల పోసిన.
మూడు దినాలు.
తెల్లటి సున్నం పెచ్చులు పెచ్చులు లేచి
గిన్నె అడుగున కూసున్నది.
మా ఇంట్ల మూడు దినాలు చారు లేదు.

సిలిండర్ మొఖాన్ని అద్దం మీద పెట్టి
పండ్లపొడితోని రుద్దిన, ఎనిమిది అంకె తీరుగ,
సీరియల్ అయిపోయి వార్తలు వచ్చేదాక.
ఐనా పిస్టన్ వదులే.
పెంబర్తికి పోతే ఐలాచారి
దేవుని కిరీటం చెక్కుడు ఆపి
కండ్లద్దాలు నొసటికి ఎక్కించి
"గింతదానికి గింత సోకా?" అన్నడు.
సోకు కాదు పెద్దయ్యా, సందు.
ఎంటిక మందం సందున్నా ఆవిరి పారిపోతది.
పైసలు తీసుకోలే.
పిస్టన్ లోపటి దిక్కు, ఎవ్వరికీ కనవడని జాగల
తన పేరుల మొదటి అక్షరం చెక్కుకున్నడు.

నీళ్లు పోసే మూత విప్పితే
తోలు వాషర్.
చెప్పు తోలు. కత్తెరతోని కోసింది.
గుండ్రం కుదరక ఒక దిక్కు వంకర పోయింది.
అంటే నాకంటే ముందు ఎవరో
దీని ముంగట కూసున్నరు,
ఇట్లనే దీపం దగ్గరికి జరుపుకున్నరు.
కొత్తది ఏద్దమని తీసిన.
నూనెల నానబెట్టి మల్ల అదే పెట్టిన.

ఆదివారం పూజ అయినంక
ఫాతిమానగర్ నుంచి చిన్నప్ప తాత వచ్చిండు, తెల్ల అంగిల.
ఆవిరి బండ్లకు బొగ్గేసిన మనిషి.
రెండు చెవులూ షెడ్డులనే విడిసి వచ్చిండు.

దీపంల కరోనా నాటి శానిటైజర్,
బాయిలర్‌ల బ్యాటరీ దుకాణపు నీళ్లు.
మొదటిసారి బుసకొట్టి ఊకున్నది.
రెండోసారి ఉల్టా తిరిగింది.
నేను తల పట్టుకుంటే తాత అన్నడు,
"ఉల్టా తిరిగిందంటే తిరుగుతదన్నట్టే గదా!"

మూడోసారి చక్రాన్ని వేలుతోని కొంచెం అన్న.
అందుకున్నది.
టిక్కు టిక్కు కాదు, ఏం చప్పుడో చెప్పరాదు,
పాలు తాగే పిల్లిపిల్ల గొంతుల ఉన్నట్టు.
తాత చిటికెన వేలు చెక్క పీట మీద ఆనించి
దాంతోనే విన్నడు.
"ఇంజన్ దిక్కు చూడకు బిడ్డా, నీళ్ల దిక్కు చూడు.
నీళ్లు అయినంక మంటుంటే బాయిలర్ చస్తది."

ఈల గుంజిన.
సరిగ్గ అదే యాళ్లకు బల్లార్షా గూడ్సు
వాడంత అదిరేటట్టు కూసుకుంట పోయింది.
నా ఈల నాకే ఇనవడలే.
తాత మాత్రం చెయ్యి ఎత్తిండు,
జెండా పట్టుకున్నోని లెక్క.
ఎట్ల తెలిసిందని సైగ చేస్తే
గొట్టం మీద తెల్లగ లేసిన పోగును చూపెట్టిండు.
ఆయనకు కూత కనవడ్డది.

పదకొండో నిమిషంల మంట ఊదేసిన.
చక్రం ఎంబడే ఆగలే,
మాట మరిసినోళ్ల తీరు ఇంకో నాలుగు సుట్లు తిరిగింది.

అడుగున రెండు చెంచాల నీళ్లున్నయ్.
ఎందుకో ఉంచుకోబుద్ధి అయింది.
"పారబొయ్యి, రేపటికి మల్ల సున్నం" అన్నడు తాత.
దుకాణం ముంగట వంచిన.
మట్టి మీద కొద్దిసేపు
ఆవిరి.